ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చే గాథ

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. తెనాలి దగ్గర బడిలో టీచర్ని. నాన్నగారు పోయి మూడేళ్ళయింది. రెండెకరాల మాగాణి గురించి తమ్ముడికీ నాకూ మాటా మాటా పెరిగింది. "కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకేం వాటా" అని నలుగురిలో అన్నాడు. ఏడాదిగా రోజూ పొద్దున్నే బుద్ధుడి గాథల పుస్తకం ధమ్మపదం చదువుతున్నాను. పాళీ తెలుగు లిపిలో, కింద తాత్పర్యం. రోజుకు ఐదు గాథలు, ఇప్పటికి నాలుగుసార్లు పూర్తయింది. ఆ తర్వాత అరగంట ధ్యానం. ముందు నాన్నగారికి, తర్వాత తమ్ముడికి మైత్రి చెప్పుకుంటాను. పెదవుల మీద "సుఖంగా ఉండు" అంటున్నానే కానీ లోపల నలుగురిలో అన్న ఆ మాటే తిరుగుతుంది. ఫోన్లో వాడి గొంతు వినగానే ఒక్క గాథా గుర్తురాదు. పెట్టేశాక అన్నీ గుర్తొస్తాయి. వైరంతో వైరం చల్లారదు అంటే నా వాటా వదిలేయమనేనా? వచ్చే నెల పెద్దమనుషుల్లో కూర్చుంటున్నాం. ఆలోపు పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళి రమ్మంటారా?

జవాబు: అమ్మా, ముందు వాటా సంగతి తేల్చుకుందాం. అది తేలకపోతే మిగతా ఏం చెప్పినా మీ చెవికెక్కదు. మీరు రాసిన మాట ధమ్మపదం ఐదో గాథలోది.

"నహి వేరేన వేరాని సమ్మంతీధ కుదాచనం,
అవేరేన చ సమ్మంతి ఏస ధమ్మో సనంతనో."

పాళీ వేరం మన వైరమే. ఎదుటివాడికి చెడు జరగాలని కోరుకోవడం. సమ్మంతి అంటే శమిస్తాయి. చల్లార్చుకోమన్నది ఆ కోరికని. పాసుపుస్తకం సంగతి గాథలో లేదు. దీనికి అట్ఠకథలో, అంటే పాత పాళీ వ్యాఖ్యానంలో, ఉన్న కథ మీలాంటి పొలం మనుషులకి బాగా పడుతుంది. ఇద్దరు సవతుల పగ జన్మజన్మలకీ సాగి, చివరికి శ్రావస్తిలో ఒకరు ఇల్లాలుగా, ఒకరు యక్షిణిగా పుడతారు. యక్షిణి బిడ్డను తినడానికి వెంటపడితే ఆ తల్లి జేతవనంలోకి పరిగెత్తి బిడ్డని బుద్ధుడి పాదాల దగ్గర పడుకోబెడుతుంది. గాథ విని యక్షిణి పగ వదిలాక, ఆ ఇల్లాలే ఆమెని వెంట తీసుకెళ్ళి, చోటు చూపించి, రోజూ అన్నం పెడుతుంది. బదులుగా యక్షిణి ఏం చేసిందో చూడండి: ఈ ఏడు వానలు బాగా పడతాయి, మెరకలో వెయ్యి, ఈ ఏడు వానలుండవు, పల్లంలో వెయ్యి అని ముందుగా చెప్పేది. పగ పోయాక ఆ ఇంట పంట పండింది. ఎవరూ ఎవరికీ పొలం రాసివ్వలేదు.

హక్కు అడగడం వైరం కాదు. వాడి నోట్లో మట్టి పడాలనుకోవడం వైరం. రెండూ కలిసిపోయాయా లేదా అన్నది ఇలా తేల్చుకోండి: మీ వాటా మీకొచ్చేసింది, తమ్ముడు కూడా పిల్లాపాపలతో హాయిగా ఉన్నాడు అని ఊహించుకోండి. మనసు సరేనంటే మీరడుగుతున్నది వాటాయే. "వాడు హాయిగా ఎందుకుండాలి" అని ఎక్కడో పొడుచుకుంటే, గాథతో పని ఆ పొడుచుకున్న చోట. పొలం పనికి లాయరున్నాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురూ కొడుకూ సమాన వారసులే. పిత్రార్జితంలో కూతురి హక్కు గురించి 2005లో సవరణ వచ్చింది. మీది ఏ కిందకి వస్తుందో కాగితాలు చూపించి తెలుసుకోండి. ఈ పని అయితే సగం గుబులు ధ్యానం లేకుండానే తగ్గుతుంది.

ఇక చదువు సంగతి. 423 గాథలు నాలుగుసార్లు తిరగేశారు. ఎక్కువైంది. పందొమ్మిదో గాథ ఇలాంటి చదువునే ఊళ్ళోవాళ్ళ ఆవుల్ని లెక్కపెట్టే గోపాలుడితో పోల్చింది. సాయంత్రానికి లెక్క సరిపోతుంది, చుక్క పాలు మాత్రం తనవి కావు. రోజుకి ఐదు గాథలంటే ఐదు వేర్వేరు పనులు. మొదటిది ఇంకా లోపలికి దిగకముందే రెండోది దాన్ని తోసేస్తుంది. పుస్తకం మూసి పక్కన పెట్టండి. నెలకి ఒక్క గాథ చాలు. ఈ నెలకి మూడోది తీసుకోండి.

"అక్కోచ్ఛి మం అవధి మం అజిని మం అహాసి మే,
యే చ తం ఉపనయ్హంతి వేరం తేసం న సమ్మతి."

నన్ను తిట్టాడు, నన్ను కొట్టాడు, నన్ను ఓడించాడు, నాది దోచుకున్నాడు. దీన్ని ఎవరు కట్టి పెట్టుకుంటారో వాళ్ళ వైరం చల్లారదు. తాత్పర్యాల్లో మామూలుగా "ఇలా తలచేవారికి" అని రాసి వదిలేస్తారు. అక్కడే అసలు సరుకు జారిపోతుంది. ఉపనయ్హంతి అంటే వట్టి తలపు కాదు. నహ్ ధాతువు, అంటే కట్టడం. ఆయుర్వేదంలో మందు వేసి కట్టే కట్టుని ఉపనాహం అంటారు, అదే మాట. అట్ఠకథ రెండు పోలికలిచ్చింది. బండి కాడికి తోలుతాడు మళ్ళీ మళ్ళీ చుట్టినట్టు అనీ, కుళ్ళిన చేపని దర్భగడ్డిలో పొట్లం కట్టినట్టు అనీ. రెండోది వంటింట్లో చెయ్యి తిరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. చేపకి కంపు ఎలాగూ ఉంది. చుట్టినకొద్దీ గడ్డికీ పడుతుంది, చేతికీ పడుతుంది. తిట్టు వాడిది, ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత వేసిన చుట్లన్నీ మనవి.

కాబట్టి మీరు ఆపాల్సింది కోపాన్ని కాదు, చుట్టడాన్ని. చుట్టడం ఎలా జరుగుతుందంటే లోపల కథ మళ్ళీ మొదలవుతుంది. చూడండి, మీ ఉత్తరంలో రెండెకరాల మాట ఒక్కసారి వచ్చింది, "నలుగురిలో" అన్న మాట రెండుసార్లు. గాథలో నాలుగు క్రియలున్నాయి కదా, మీ చుట్టు "దోచుకున్నాడు" దగ్గర కాకుండా "తిట్టాడు" దగ్గర మొదలవుతోందేమోనని నా అనుమానం. అనుమానమే, తేల్చాల్సింది మీరు.

మొదటి వారం గాథని నోటికి తెచ్చుకోండి. పాళీలో ఒకసారి, మీ ఇంటి మాటల్లో ఒకసారి. పుస్తకం తెలుగు వద్దు. పొద్దున కూర్చోబోయే ముందు పైకి మూడుసార్లు చెప్పి అక్కడితో ఆపేయండి. ధ్యానంలో గాథ చెప్పుకోకండి. అలా చేస్తే కోపం ఒక పక్క, గాథ ఒక పక్క, రెండూ పోట్లాడుకుంటాయి. మీకు మంట ఎగదోస్తున్నది చాలావరకు ఇదే. రెండో వారం నుంచి చిన్న నోట్‌బుక్కులో రోజుకో గీత గీసి నాలుగు గళ్ళు పెట్టండి: తి, కొ, ఓ, దో. కథ మొదలైందని తెలిసినప్పుడల్లా ఏ క్రియతో మొదలైందో ఆ గడిలో చుక్క పెట్టండి. కారణాలు రాయొద్దు, వాక్యాలు రాయొద్దు. రాశారంటే అది ఇంకో చుట్టు. చుక్కలు మొదట్లో పెరుగుతాయి, కంగారు పడకండి. ఇన్నాళ్ళూ జరిగినవే, ఇప్పుడు కంటపడుతున్నాయి. చూడాల్సింది చుక్కల సంఖ్యని కాదు, కథ ఎంతదూరం వెళ్ళాక పట్టుకున్నారో దాన్ని. అరగంట నడిచే కథ పది నిమిషాల్లో, తర్వాత "నలుగురిలో" అన్న మాట దగ్గరే దొరికితే పని జరుగుతున్నట్టు.

ఫోన్ సంగతికి వేరే గాథ ఉంది, క్రోధవర్గంలో 222వది.

"యో వే ఉప్పతితం కోధం రథం భంతంవ ధారయే,
తమహం సారథిం బ్రూమి, రస్మిగ్గాహో ఇతరో జనో."

ఉప్పతితం అంటే అప్పటికే పైకి లేచిన కోపం. దారి తప్పి పోతున్న రథాన్ని నిలిపినట్టు దాన్ని నిలిపేవాడే సారథి, మిగతావాళ్ళు పగ్గాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు అంటుంది. కోపం రాకూడదని ఇందులో లేదు. వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానండి. అది పనికిరాని రెండో కోపం.

గాథ సమయానికి ఎందుకు రాదంటే, మీరు దాన్ని పొద్దున ఆరుగంటలకీ, చాపకీ, అగరొత్తికీ ముడిపెట్టారు. ఫోనుకి ముడిపెట్టలేదు. తమ్ముడి నంబరుకి వేరే రింగు పెట్టండి. మోగగానే ఎత్తొద్దు, మూడుసార్లు మోగనివ్వండి. ఆ కాస్త సేపులో పాదాలు నేలకి ఆనాయో లేదో చూసుకుని, దవడ వదులు చేసి, ఒక్క మాట అనుకోండి: "పగ్గం." నాలుగు పాదాల గాథ అప్పుడు రాదు, ఒక్క మాట వస్తుంది. కోపం లేని రోజుల్లో, ఊరికే ఆ రింగు మోగించుకుని ఇరవై ముప్ఫై సార్లు సాధన చేయండి. నవ్వొస్తుంది, రానివ్వండి. మాటల మధ్యలో గొంతు పెరుగుతున్నట్టు తెలిస్తే "పది నిమిషాల్లో నేనే చేస్తాను" అని పెట్టేయండి. చెప్పినట్టు పది నిమిషాలకి తప్పకుండా చేయండి. చేయకపోతే అది పగ్గం కాదు, అలక.

ధ్యానంలో రెండు చోట్ల తప్పటడుగు పడింది. రెండూ ధ్యాన పద్ధతులు చెప్పే పాత పాళీ గ్రంథం 'విసుద్ధిమగ్గ' తొమ్మిదో అధ్యాయంలో పేరుపెట్టి హెచ్చరించినవే. చనిపోయినవారిని తలచి మైత్రి భావన చేయొద్దంటాడు ఆ గ్రంథం రాసిన బుద్ధఘోషుడు. ఒక యువ భిక్షువు తన ఆచార్యుణ్ణి తలచుకుని ఎంత చేసినా మనసు కుదరక, ఇంకో థేరుణ్ణి, అంటే పెద్ద భిక్షువుని, అడిగితే, ఆరా తీయగా ఆచార్యుడు అప్పటికే పోయాడని తెలిసిందట. పోయినవారిని తలచుకుంటే దిగులు లేస్తుంది, మీకైతే ఆస్తి కూడా లేస్తుంది. నాన్నగారి పేరున దానం చేసి పుణ్యం అర్పించుకోండి, ఆ పద్ధతి వేరే ఉంది. రెండోది, పగవాడితో మొదలుపెట్టకూడదు. అలసిపోతారు, పైగా అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. మీకు ఉన్నది సరిగ్గా అదే.

వరస ఇలా పెట్టుకోండి. ముందు మీకు మీరు, ఐదు నిమిషాలు. తర్వాత మీరు గౌరవించే, బతికున్న ఒక మనిషి, చదువు చెప్పిన టీచరుగారైనా సరే, పది నిమిషాలు. మరీ ప్రాణమైనవాళ్ళు ఇప్పుడే వద్దు, వాళ్ళకి చిన్న కష్టం తలచుకున్నా ఏడుపొస్తుంది. ఆపైన ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి, రోజూ పాలు పోసే ఆయన లాంటివారు. తమ్ముడి వంతు ఈ నెలలో రాకపోయినా ఫరవాలేదు. వచ్చినరోజు మంట లేస్తే వెంటనే టీచరుగారి దగ్గరికి వెనక్కి వెళ్ళి, చల్లబడ్డాక మళ్ళీ రండి. అప్పటికీ కుదరకపోతే అదే అధ్యాయంలో ఒక చిత్రమైన ప్రశ్న ఉంది: నీ కోపం దేనిమీద? వాడి వెంట్రుకల మీదా, గోళ్ళ మీదా, పళ్ళ మీదా? ఒక్కొక్కటీ నిజంగా అడుగుతూ పోవాలి. ఆవగింజ సూదిమొన మీద నిలవనట్టు కోపానికి నిలబడే చోటు దొరకదంటాడు. తమాషాకి కాకుండా చేస్తే పనిచేస్తుంది.

మైత్రి భావన లేని రోజు శ్వాస లెక్కపెట్టండి. ఐదుకి తక్కువగా ఆపొద్దు, పది దాటొద్దు అని నియమం. ఐదులోపు ఆపితే ఇరుకు దొడ్లో పశువుల్లా ఆలోచనలు కుమ్ముకుంటాయి. పది దాటితే మనసు శ్వాసని వదిలి అంకెని పట్టుకుంటుంది. మొదట ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా లెక్కపెట్టమన్నాడు బుద్ధఘోషుడు. మన రాశుల దగ్గర మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అంటారు కదా, మీరూ లాభం, రెండు, మూడు అనే లెక్కపెట్టుకోవచ్చు, దోషం లేదు. మధ్యలో తమ్ముడి మాట వచ్చి లెక్క తప్పితే మళ్ళీ లాభం.

ఆ మాట అసలు వదలకపోతే బుద్ధుడి ఉపదేశాల సంపుటి మజ్ఝిమ నికాయంలో 20వ సుత్తం, వితక్కసంఠాన, ఐదు ఉపాయాలు చెప్పింది. వాటి వరస ముఖ్యం. చిన్న మేకుతో పెద్ద మేకుని కొట్టి ఊడదీసే వడ్రంగిలా మనసు పట్టుకోవడానికి ఇంకో ఆలంబనని తేవడం మొదటిది. మీకది టీచరుగారి మైత్రి. ఈ ఆలోచన వల్ల నాకేం నష్టం అని చూడటం రెండోది. రాత్రి నిద్ర, పిల్లల మీద విసుగు, కళ్ళెదుటే ఉన్నాయి. పట్టించుకోకపోవడం మూడోది. దీనికి అట్ఠకథ ఇచ్చిన చిట్కా నాకు మహా ఇష్టం: సంచి విప్పి, అందులో వస్తువుల్ని ఒక్కొక్కటే తీసి ఇది ఫలానా, ఇది ఫలానా అనుకోమంది. మీకు సంచెందుకు, పోపుల డబ్బా ఉంది. మూత తీసి ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు అని ఒక్కొక్క గిన్నెని తాకి పేరు చెప్పండి. తేలిగ్గా తీసిపారేయకండి, సాయంత్రం ఆరు ఏడు మధ్య కోపానికి ఇది బాగా పనిచేస్తుంది. నాలుగోది, ఆలోచన ఊపుని మెట్టుమెట్టుగా దించడం. వేగంగా నడిచేవాడు నిదానించి, నిలబడి, కూర్చుని, పడుకున్నట్టు. పళ్ళు బిగించి, నాలుకని అంగిలికి నొక్కి, మనసుతో మనసుని అణచడం ఐదోది. చాలామంది మొదటే దీనికి దిగుతారు. తలనొప్పి, దవడనొప్పి, ఆపైన రెట్టింపు కోపం మిగులుతాయి. నాలుగూ విఫలమైనప్పుడు మాత్రమే, అదీ ఒక నిమిషం.

శిబిరం ఇప్పుడు వద్దు. హైదరాబాద్ దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త లాంటి కేంద్రాల్లో పదిరోజుల కోర్సంటే నాలుగింటికే లేవాలి, రోజుకి సుమారు పది గంటల కూర్చోడం, తొమ్మిదిరోజులు మౌనం. పెద్దమనుషుల తారీఖు నెత్తిమీద ఉండగా వెళితే ఆ పది గంటలూ మీరు కూర్చునేది పంచాయితీలోనే. పైగా అక్కడ లెక్కపెట్టడం, జపం, వేరే పద్ధతులు అన్నీ పక్కన పెట్టమంటారు, అది వాళ్ళ నియమం. వ్యవహారం తేలాక, కనీసం రెండు మూడు నెలల తర్వాత వెళ్ళండి. ఈలోగా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండె బరువుగా ఉన్నా చాప మీద కూర్చునేముందు డాక్టరు దగ్గర కూర్చోండి.

ఇక ఆ రోజు. బుద్ధఘోషుడు అన్ని ఉపాయాలూ అయ్యాక, చిట్టచివర, ఏదైనా ఇచ్చి చూడమంటాడు. చిత్తలపర్వత విహారంలో తనని మూడుసార్లు బస ఖాళీ చేయించిన థేరుడికే భిక్షాన్నంతోనే బతికే ఒక పిండపాతిక భిక్షువు, ఎనిమిది కార్షాపణాల (పాతకాలపు నాణేల) విలువైన పాత్రని, తల్లి తనకిచ్చినదాన్ని, ఇచ్చేశాడట. మీరు వారం ముందుగా తమ్ముడి పిల్లలకి ఏదైనా చేసి పంపండి, సున్నుండలైనా సరే. వెంట చీటీ వద్దు, వాటా మాట వద్దు, అందిందా అని ఫోనూ వద్దు. వెనక్కి పంపినా పంపొచ్చు. పంపితే నోట్‌బుక్కులో చుక్క పెట్టి మీరే తినండి.

కూర్చున్నప్పుడు లెక్కలు మాట్లాడే మనిషిని ఒకరిని వెంటబెట్టుకోండి. మీరు తక్కువ మాట్లాడండి. కట్నం మాట మళ్ళీ వస్తుంది, రాదనుకుని వెళ్ళకండి. అప్పుడు "అది కూడా కాగితం మీద పెట్టండి, రెండూ కలిపే చూద్దాం" అనే వాక్యాన్ని ముందుగానే ఇరవైసార్లు పైకి చెప్పుకుని పెట్టుకోండి. చెప్పేముందు గ్లాసెత్తి రెండు గుక్కలు మంచినీళ్ళు తాగండి, గ్లాసు కింద పెట్టాక నోరు విప్పండి.